పసుపు దీపం – అనుమాన ఖండం



మా కారులో ఏబీయస్ దీపం అయిదు నెలలపాటు వెలగలేదు. ఆ అయిదు నెలలూ నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింత ఎంతటి అజ్ఞానం మీద నిలబడినదో తెలిసిన తరువాత, నాలుగు మాటలు వ్రాయకుండా ఉండలేకపోతున్నాను. తెలుగు పండితుడికి బ్రేకుల గొడవ ఎందుకని నవ్వేవారు నవ్వవచ్చు. ముప్పయ్యేడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకుని బ్రతికినవాణ్ణి, స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. కాని ఈ వ్యవహారంలో మొదటి తప్పు మాట దగ్గర జరిగింది. ఆ మాట నాది.

మాది 2009 నాటి బండి. 2018 లో పదవీ విరమణ చేసినప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత పెట్టి, తెలిసినవారి దగ్గర కొన్నాను. అది తయారైన రోజులలో మన దేశంలో అన్ని కార్లకూ ఏబీయస్ ఉండేది కాదు. ఒకే కారులో చౌక రకం, ఖరీదు రకం అని ఉంటే, ఖరీదు రకానికి మాత్రం ఇచ్చేవారు. తయారయ్యే కార్లన్నింటికీ అది తప్పనిసరి అయినది 2019 ఏప్రిల్ నుంచి. మాది ఖరీదు రకమని అమ్మినవారు రెండుమార్లు చెప్పారు, నేను ఇంట్లో పదిమార్లు చెప్పాను.

కాకినాడలో ఉంటున్నాము. సముద్రపు గాలికి ఇక్కడ కిటికీ ఊచలు తుప్పు పడతాయి, గేటు తుప్పు పడుతుంది, తాళం కప్ప తుప్పు పడుతుంది. కారు చక్రాల వెనుక చీకటిలో ఏమి జరుగుతున్నదో మాత్రం నేను ఎన్నడూ ఆలోచించలేదు.

2023 జూన్ ప్రాంతంలో మొదటి సూచన వచ్చింది. కూడలి దగ్గర నెమ్మదిగా ఆగేటప్పుడు, ఇక బండి నిలుస్తుందనగా, బ్రేకు పెడలు కాలి కింద కరకరమని వణికేది. క్షణంలో సర్దుకునేది. జూలైలో పసుపు దీపం వెలగడం మొదలుపెట్టింది. ఒక విశేషం గమనించాను గాని దాని విలువ అప్పుడు తెలియలేదు. తాళం తిప్పగానే దీపం వెలిగి, రెండు మూడు క్షణాలకు ఆరిపోయేది. బండి కదిలి మా వీధి చివరకు చేరేసరికి మళ్ళీ వెలిగేది. ఒకసారి వెలిగిన తరువాత పెడలు వణుకు ఉండేది కాదు. ‘పోనీలే, ఆ వణుకు తగ్గింది’ అనుకున్నాను! రోగి మూలగడం మానేస్తే జబ్బు నయమైందనుకునే వైద్యుడి వంటివాణ్ణి.

ఒక పెద్ద షెడ్డుకు తీసుకువెళ్ళాను. స్కానరు పెట్టారు, ఏదో కోడు వచ్చింది, దాన్ని చెరిపారు, బండి నడపగానే మళ్ళీ వచ్చింది. “మాడ్యూలు పోయిందండి, ముప్పయ్యెనిమిది వేలు అవుతుంది” అన్నారు. బండి విలువలో అది ఎంత భాగమో లెక్క వేసుకుని నమస్కారం పెట్టి వచ్చేశాను. తరువాత ఒక చిన్న షెడ్డుకు వెళ్ళి, అక్కడి మెకానిక్కుతో నేను పలికిన వాక్యం అక్షరాలా ఇది: “ఈ దీపం వెలగకుండా చేసి పెట్టు నాయనా.”

అతడు “అలాగేనండి” అన్నాడు. సాయంత్రానికి బండి ఇచ్చాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు. దీపం వెలగలేదు.

డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చి వెళ్ళిన నాలుగో రోజున నేనూ మా ఆవిడా పెద్దాపురం బయలుదేరాము. సామర్లకోట దాటిన తరువాత రోడ్డు మీద పొలాల బురద పరచుకుని ఉన్నది. ఒక గేదె గట్టు ఎక్కి హఠాత్తుగా అడ్డం వచ్చింది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. చక్రాలు బిగుసుకుపోయాయి. స్టీరింగు కుడికి తిప్పాను, బండి తిన్నగా పోయింది. ఇంకా తిప్పాను, తిన్నగానే పోయింది. చేతిలో ఉన్నది స్టీరింగో అలంకారానికి పెట్టిన చక్రమో తెలియని ఆ రెండు మూడు క్షణాలు నాకు జన్మలో మరపు రావు. కల్వర్టు గోడకు మూరెడు దూరంలో ఆగింది. గేదె దాని దారిన అది పోయింది.

మా ఆవిడ ఇల్లు చేరే దాకా ఏమీ మాట్లాడలేదు. చేరిన తరువాత, “మన దానికి ఏబీయస్ ఉందన్నారు కదండీ?” అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి బండితో వచ్చిన పుస్తకం తీసి చదివాను. (కొని అయిదేళ్ళయినా అంతవరకు తెరవలేదు. పిల్లలకు మాత్రం ఉపోద్ఘాతం చదవకుండా పాఠంలోకి వెళ్ళవద్దని చెప్పేవాణ్ణి.) తాళం తిప్పగానే ఏబీయస్ దీపం కొద్ది క్షణాలు వెలిగి ఆరాలి, అలా వెలగకపోయినా దోషమే అని అందులో స్పష్టంగా ఉన్నది. బయటికి వెళ్ళి, తాళం తిప్పి, మీటరు బోర్డు మీద దీపాలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. బ్యాటరీ దీపం వెలిగింది, ఆయిలు దీపం వెలిగింది, ఇంజిన్ దీపం వెలిగింది, ఎర్రని బ్రేకు దీపం వెలిగింది. ఏబీయస్ దీపం వెలగలేదు. అది జబ్బు నయమై ఆరిన దీపం కాదు, వెలగడానికి అవకాశమే లేని దీపం.

మన మీమాంసకులు అనుపలబ్ధి అని ఒక ప్రమాణం చెప్పారు. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదని తెలుసుకుంటాము. కాని దానికి ఒక షరతు పెట్టారు. ఉంటే కనబడవలసిన పరిస్థితి ఉండాలి. దానినే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటి గదిలో కుండ కనబడలేదు కనుక కుండ లేదంటే చెల్లదు. దీపం వెలగలేదు కనుక దోషం లేదని చెప్పాలంటే, దోషం ఉంటే ఆ దీపం వెలగగలదని ముందు తేలాలి. తాళం తిప్పగానే అది వెలిగి ఆరడం అందుకోసమే. ఆ రెండు క్షణాలలో దీపం తనను తాను సాక్షిగా నిలబెట్టుకుంటున్నది. భాషాప్రవీణ చదువుతున్న రోజుల్లో ఈ ముక్క కంఠస్థం చేశాను. నలభై అయిదేళ్ళ తరువాత నా కారులోనే పనికి వస్తుందని తెలియక అయిదు నెలలు చీకటి గదిలో కూర్చున్నాను.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. చక్రం బిగుసుకుపోయి జారుతున్నప్పుడు బండికి దిశ మార్చుకునే శక్తి పోతుంది. తిరిగే చక్రమే పక్కకు లాగగలదు. అందువలన ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ళ కంకణం, దాని ఎదుట ఒక సెన్సారు ఉంటాయి. పన్ను దాటినప్పుడల్లా సెన్సారులో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఆ లెక్కతో ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో పెట్టె తెలుసుకుంటుంది. ఒక చక్రం మిగిలినవాటికన్నా హఠాత్తుగా మందగిస్తే, అది బిగుసుకోబోతున్నదని గ్రహించి, ఆ చక్రానికి పోయే బ్రేకు ఒత్తిడిని సెకనుకు అనేకసార్లు వదిలి పడుతుంది. నిపుణుడైన బండివాడు పగ్గం లాగీ వదిలీ ఎద్దును ఆపినట్లు. ఏబీయస్ ఉంటే బండి తప్పక దగ్గరలో ఆగుతుందనుకోవడం పొరపాటు. వదులు కంకర మీద ఒక్కొక్కప్పుడు కొంచెం ఎక్కువ దూరమే పోవచ్చు. దాని అసలు ప్రయోజనం స్టీరింగు మన మాట వినడం.

పేరు గురించి ఒక మాట. ఏబీయస్ అనే మూడక్షరాలు ఇంగ్లీషువి అనుకుంటాము గాని, అవి జర్మను సమాసం ‘ఆంటిబ్లోకియర్‌సిస్టేమ్’ నుంచి వచ్చినవి. బాష్ వారి ఎలక్ట్రానిక్ ఏబీయస్‌ను 1978 లో మెర్సిడెస్ ఎస్ క్లాసులో పెట్టారు. అంతకు ముందే విమానాల చక్రాలకు డన్‌లప్ వారి మాక్సారెట్ ఉండేది. 1966 లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారుకు దానినే అమర్చారు. తెలుగులో ఏమనాలి? ‘చక్రస్తంభన నివారిణి’ అని ఒక పూట సంబరపడ్డాను. మా షెడ్డు కుర్రవాళ్ళు ‘ఏబీయస్సు’ అంటారు. చివర ఉకారం చేరి అది ఇప్పటికే తెలుగు మాటయింది. నా నివారిణిని వెనక్కి తీసుకున్నాను.

ఇక మరమ్మతుకు వస్తాను. మా ఇంటికి దగ్గరలో ఆటో ఎలక్ట్రీషియను ఒకడున్నాడు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివినవాడు. గసడదవాదేశ సంధికి ఉదాహరణ వ్రాయమంటే సూత్రం వ్రాసి వదిలేసినవాడు. అతడికి చిన్న షెడ్డేగాని, నాలుగు చక్రాల లెక్కా వేరువేరుగా చూపించే స్కానరు ఉన్నది. (మొబైలు ఫోనుకు కలుపుకునే చౌక రకం రీడర్లు చాలావరకు ఇంజిను సంగతే చెబుతాయి, ఏబీయస్ జోలికి పోవు. కొనేవారు అది చూసుకుని కొనాలి.) అతడు మొదట ఏ సామానూ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని అరగంట ప్రశ్నలు వేశాడు. దీపం ఎప్పుడు వెలిగేది? తాళం తిప్పినప్పటి నుంచేనా, కదిలిన తరువాతా? పెడలు వణికేదా? ఏ వేగంలో? టైర్లు ఎప్పుడు మార్చారు? నాలుగూ ఒకే సైజువేనా? బేరింగు ఎప్పుడైనా మార్చారా?

నేను వీధి చివర సంగతి చెప్పగానే అతడి ముఖం వికసించింది. “మాస్టారండీ, సగం దొరికేసిందండి” అన్నాడు. వైరు తెగినా, ఫ్యూజు పోయినా, పెట్టె పాడైనా సాధారణంగా తాళం తిప్పినప్పుడే తెలిసిపోతుంది, దీపం ఆరనే ఆరదట. ఆరి, కదిలిన తరువాత వెలిగిందంటే సెన్సారు బతికే ఉన్నది, అది పంపే లెక్క బాగాలేదు. తప్పు ఉండేది ఎక్కువగా కంకణంలోనో, బేరింగు ప్లేలోనో, సెన్సారు మొన మీద చేరిన ఇనుప రజనులోనో. ఇది నియమం కాదు గాని, ఎక్కడ వెతకడం మొదలుపెట్టాలో చెబుతుంది.

స్కానరులో వచ్చిన కోడు ఎడమ వైపు ముందు చక్రం పేరు చెప్పింది. నేను ‘అయితే ఆ సెన్సారు మార్చేద్దాం’ అన్నాను. అతడన్న మాట వినండి. “సెన్సారు పోయిందని కోడు చెప్పలేదండి. ఎడం చక్రం నుంచి వచ్చే లెక్క నాకు నచ్చలేదు అంది. అంతేనండి.” ఆ క్షణంలో నాకు సంధి సూత్రం గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. ఫిర్యాదు చేసినవాడి పేరు వేరు, నేరం చేసినవాడి పేరు వేరు అని తొమ్మిదో తరగతి తప్పబోయిన కుర్రవాడు తర్కం చదివినవాడికి చెబుతున్నాడు. పొగను చూసి నిప్పును ఊహించవచ్చు. పొగను చూసి ఇంట్లో ఏ గదిలో ఏ పొయ్యి అని చెప్పరాదు.

తరువాత కొలిచాడు. ఎడమ సెన్సారు ప్లగ్గు విప్పి మల్టీమీటరు పెడితే 1100 ఓములు, కుడి దానికి పెడితే 1080. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కనుక తీగ చుట్ట బాగున్నట్లు. (మాది పాత రకం సెన్సారు కనుక ఈ పరీక్ష చెల్లింది. కొత్త రకం వాటికి లోపల ఎలక్ట్రానిక్ సామగ్రి ఉంటుంది, వాటిని ఓములతో కొలవకూడదు అన్నాడు.) స్టీరింగు తిప్పినప్పుడు వంగే చోట వైరును అటూ ఇటూ కదుపుతూ చూశాడు, అంకె మారలేదు. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం ఊపి చూశాడు, బేరింగు గట్టిగా ఉన్నది. అప్పుడు బండి దింపి నన్ను నెమ్మదిగా నడపమని, తాను స్కానరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మూడు చక్రాలు 20 చూపుతున్నాయి. నాలుగోది 20, 13, 20, 14. బడిలో వరుసగా నడిచే పిల్లల్లో ఒకడు అడుగడుగుకూ తడబడినట్లు.

తిరిగి వచ్చి, టార్చి వేసి, చక్రాన్ని చేత్తో అంగుళం అంగుళం తిప్పుతూ కంకణం చూపించాడు. దాని కింద తుప్పు చేరి, ఉబ్బి, ఉంగరం బిగుతైన వేలు లాగా అయి, ఒకచోట చిట్లింది. చిట్లిన చోట రెండు పళ్ళ నడుమ ఎడం పెరిగింది. ప్రతి చుట్టులో ఒకసారి ఆ ఎడం సెన్సారు ముందుకు వచ్చినప్పుడు, చక్రం బిగుసుకుంటున్నదని పెట్టె భ్రమపడుతున్నది. నెమ్మదిగా ఆగేటప్పుడు పెడలు వణికింది అందుకే. తరువాత తన లెక్క తానే నమ్మలేక, ఏబీయస్ పని మానుకుని, మాకు చెప్పడానికి దీపం వెలిగించింది. పెట్టె తన ధర్మం తాను నెరవేర్చింది. ముప్పయ్యెనిమిది వేలు పెట్టి మార్చబోయినది ఆ పెట్టెనే!

కంకణం 450 రూపాయలు. డ్రైవ్ షాఫ్టు విప్పి, పాతది కోసి తీసి, తుప్పు గీకి, కొత్తది ఎక్కించినందుకు 1200. మీటరు బోర్డు విప్పితే ఏబీయస్ దీపం మీద నల్లటేపు రెండు పొరలుగా అంటించి ఉన్నది. చక్కగా, గుండ్రంగా కత్తిరించి మరీ అంటించారు.

ఆ టేపు చూసి మొదట నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ షెడ్డుకు వెళ్ళి నిలదీయాలని బయలుదేరాను కూడా. సగం దారిలో నా వాక్యం నాకు వినిపించింది. ‘ఈ దీపం వెలగకుండా చేసి పెట్టు.’ నేను అడిగినది అదే. అతడు చేసినదీ అదే. కర్త, కర్మ, క్రియ అన్నీ సరిపోయాయి. ప్రాణాలతో చెలగాటమని తెలిసి చేసినవాడిని నేను సమర్థించడం లేదు. టేపు అంటించానని చెప్పవలసిన ధర్మం అతడికి ఉన్నది. కాని దోషం ఎక్కడున్నదో చూడమని నేను అడిగి ఉంటే, అతడు టేపు అంటించి ఎనిమిది వందలు తీసుకోగలిగేవాడా? వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

నా అభిప్రాయం ఇది. మనవాళ్ళం సామానుకు డబ్బు ఇస్తాము, ఆలోచనకు ఇవ్వము. పాత సామాను మార్చి, కొత్తదాని డబ్బా చూపిస్తే కిమ్మనకుండా వేలు లెక్కపెడతాము. గంటసేపు కొలిచి, ‘ఇది బాగుంది, ఇదీ బాగుంది, ఇదిగో ఇక్కడ’ అన్నవాడికి అయిదు వందలు ఇవ్వమంటే ‘ఏమి చేశావని?’ అంటాము. అందుకే షెడ్డుల్లో కొలిచేవాళ్ళు తగ్గి, మార్చేవాళ్ళు పెరుగుతున్నారు. మా కుర్రవాడు కంకణానికీ కూలికీ లెక్క చెప్పి ఊరుకున్నాడు. వెతికినందుకు ఎంత అని అడిగితే, “దానికేముందండి మాస్టారూ” అని నసిగాడు. బలవంతాన అయిదు వందలు ఇచ్చాను. నిజానికి నేను బడిలో చేసిన పనీ అదే. జవాబు తప్పని సున్నా చుట్టడానికి ఎవరైనా చాలు. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర జారాడో కనిపెట్టడానికి జీతం ఇచ్చేవారు.

2019 కి ముందు ఏబీయస్‌తో వచ్చిన బండ్లు ఇప్పుడు ముసలివయ్యాయి. చేతులు మారుతున్నాయి. అటువంటి బండి ఉన్నవారు, కొనబోయేవారు రేపు ఉదయం తాళం తిప్పి దీపాలు లెక్కపెట్టవలసినదని నా ప్రార్థన. పసుపు ఏబీయస్ దీపం అసలు వెలగకపోతే, ఎవరో దాని నోరు నొక్కి ఉండవచ్చు. వెలిగి ఆరక నిలిచిపోతే మామూలు బ్రేకులు పనిచేస్తాయి గాని, తడి రోడ్డు మీద చక్రాలు బిగుసుకోవచ్చునని గుర్తుంచుకుని నెమ్మదిగా షెడ్డుకు పోవచ్చు. పసుపుతోపాటు ఎర్రని బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం వెంటనే పక్కకు ఆపాలి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందా అని చూసి, బ్రేకు ఆయిలు మట్టం చూడాలి. మట్టం సరిగానే ఉన్నా, వెనుక చక్రాలకు పోయే ఒత్తిడిని అదుపు చేసే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు, అప్పుడు బండి వెనుక భాగం తిరిగిపోయే ప్రమాదం ఉన్నది. అటువంటి బండిని లాగించుకుని పోవడమే మేలు. ఆయిలు సంగతి వచ్చింది కనుక, అది గాలిలో తేమను పీల్చుకుంటుందట, సుమారు రెండేళ్ళకోసారి మార్చుకోవడం మంచిదట. నేను కొన్న దగ్గర నుంచి మార్చలేదు. అదీ ఆ రోజే చేయించాను.

పని పూర్తయి కోడు చెరిపిన తరువాత మా కుర్రవాడు బండిని ఒక ఖాళీ స్థలానికి తీసుకువెళ్ళమన్నాడు. తడి ఇసుక మీద ముప్పైలో నడుపుతూ, “ఇప్పుడు గట్టిగా తొక్కేయండి మాస్టారూ, భయపడకండి” అన్నాడు. తొక్కాను. పెడలు కాలి కింద దడదడలాడింది. స్టీరింగు కుడికి తిప్పాను. బండి కుడికి తిరిగింది.

కుడి వైపు కంకణం కింద కూడా తుప్పు మొదలైందట. ఇంకా చిట్లలేదు. దానికి కూడా చెప్పి ఉంచాను, వచ్చే వారం వెళ్ళాలి.